ఐబ్రో పెన్సిల్‌తో రాసిన పుస్తకం

అమ్మలూ,

"జైలు మొహం చూడని డాక్టరు ఖైదీ గురించి నవల రాస్తే ఎలా నమ్మాలి నాన్నా?" అన్నావు మొన్న. అప్పుడు నీళ్లు నమిలాను. నాకు జవాబు తట్టేది ఎప్పుడూ ఫోన్ పెట్టేశాకే కదా.

నువ్వన్న ఆ డాక్టరు, ఈజిప్టు రచయిత్రి నవాల్ ఎల్ సాదావి, 1974లో అక్కడి ఖనాతిర్ ఆడవాళ్ల జైలుకి వెళ్లింది సైకియాట్రిస్టుగా. ఈజిప్టు ఆడవాళ్ల మానసిక సమస్యల మీద పరిశోధన కోసం. ఆడవాళ్ల శరీరం గురించి పుస్తకం రాసినందుకు అప్పటికే ఆరోగ్య శాఖలో ఉద్యోగం ఊడింది. ఉరిశిక్ష పడిన ఫిర్దౌస్ అనే ఖైదీ ఎవరితోనూ మాట్లాడనంది. డాక్టరుకి అదో అవమానంలా తోచింది. ఆఖరికి ఫిర్దౌసే పిలిపిస్తే, వెళ్లి గదిలో నేల మీద కూర్చుంది. ఆ తర్వాత ఫిర్దౌస్‌ని ఉరితీశారు. 1975లో నవల వచ్చింది. అందులో డాక్టరు గొంతు వినపడేది మొదట్లో, చివర్లో మాత్రమే. మధ్యదంతా ఫిర్దౌస్ మాటే. నేను నమ్మింది అక్కడే.

1981 సెప్టెంబరులో ఈజిప్టు అధ్యక్షుడు సదాత్ ప్రభుత్వం తనకి ఎదురు మాట్లాడేవాళ్లని పదిహేను వందల మందికి పైగా పట్టుకెళ్లింది. నవాల్ ఇంటి తలుపు కూడా బద్దలుకొట్టారు. మళ్లీ అదే ఖనాతిర్, కాకపోతే ఈసారి ఊచలకి లోపల. కలం, కాగితం ఇవ్వరు. ఒళ్లమ్ముకుని బతికే తోటి ఖైదీ ఒకామె దొంగచాటుగా ఐబ్రో పెన్సిల్ తెచ్చిస్తే టాయిలెట్ పేపర్ మీద రాసుకుంది. అక్టోబరు 6న సదాత్ హత్య జరిగింది, నవంబరులో ఈవిడ బయటికొచ్చింది. ఆ రాతలే తర్వాత ఇంకో పుస్తకమయ్యాయి.

నవ్వకు, నేనూ రాసి చూశాను, మీ అమ్మ పెన్సిల్ తీసుకుని. నొక్కితే కాగితం చిరుగుతుంది, తేలిగ్గా పట్టుకుంటే అక్షరం పడదు. ఒత్తులన్నీ నల్లటి మరకలు. నాలుగు లైన్లకే మొన అరిగిపోయింది, చెయ్యంతా జిడ్డు. ఆవిడ పుస్తకానికి సరిపడా రాసింది!

అయినా ఒక మాట చెప్పనా? తను పడ్డ జైలు గురించి రాసినదానికంటే, నేల మీద కూర్చుని విన్న నవలే నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. రెండూ కొరియర్ చేస్తున్నాను. ముందు నవల చదువు. మార్జిన్లలో నా గీతలుంటాయి, చెరపకు.

వచ్చేటప్పుడు ఒక ఐబ్రో పెన్సిల్ తీసుకురా. మొన ఎలా అరిగిందో అమ్మకి ఇంకా చెప్పలేదు.

నాన్న