ర్యామ్ పెంచమన్న మా సలహా తప్పు: మిల్లు యజమానులకు వివరణ

మిర్యాలగూడ చుట్టుపక్కల మా కాంటా సాఫ్ట్‌వేర్ వాడుతున్న రైస్ మిల్లుల యజమానులకు, గుమాస్తాలకు, కాంటా గదిలో కూర్చునే ఆపరేటర్లకు నమస్కారం.

గత యాసంగిలో ఏం జరిగిందో మీరు మరచిపోయి ఉండరు. ఉదయం చక్కగా నడిచిన ప్రోగ్రాం సాయంత్రం అయ్యేసరికి, లారీ కాంటా మీద ఉండగానే బిగుసుకుపోయేది. మొదట్లో అర నిమిషం, తర్వాత రెండు మూడు నిమిషాలు. చీటీ రాదు, లారీ కదలదు, వెనక రోడ్డు దాకా ధాన్యం ట్రాక్టర్లు. చాలామంది ఆపరేటర్లు చేత్తో చీటీలు రాసి, రాత్రి కూర్చుని కంప్యూటర్‌లో ఎక్కించారు. మీరు ఫోను చేసిన ప్రతిసారీ మేము చెప్పింది ఒకటే మాట: మెమరీ చాలడం లేదు, ర్యామ్ పెంచండి. పదకొండు మిల్లులు ఆ మాట నమ్మి డబ్బు ఖర్చు పెట్టాయి. లోపం మీ కంప్యూటర్లలో లేదు, మా ప్రోగ్రాంలో ఉంది.

అసలు సంగతి మీకు అర్థమయ్యేలా చెప్పడం మా బాధ్యత. మా ప్రోగ్రాం జావా అనే కంప్యూటర్ భాషలో రాసినది. జావాలో ప్రోగ్రాం కావలసినప్పుడల్లా మెమరీ తీసుకుంటుంది గానీ, పని అయ్యాక తానుగా తిరిగి అప్పగించదు. ఖాళీ చేయించే పని గార్బేజ్ కలెక్టర్‌ది, అంటే జావాలోనే ఉండే చెత్త ఊడ్చే భాగానిది. అది మీ యార్డులో జరిగే పని లాంటిదే. యార్డు నిండిందనుకోండి. హమాలీలు పనికిరాని బస్తాలను ఒక్కొక్కటిగా వెతికి పారేయరు. గుమాస్తా పుస్తకం తెరిచి, లెక్కలో ఉన్న బస్తాలను మాత్రమే పక్కకు మోయిస్తాడు. మిగిలినదంతా ఖాళీ జాగా కిందే లెక్క. అంటే మోత కూలి చెత్తను బట్టి కాదు, ఉంచుకోవాల్సిన సరుకును బట్టి పడుతుంది. కంప్యూటర్ మెమరీలో మా ప్రోగ్రాం వాడుకునే ఆ యార్డునే హీప్ అంటారు. యార్డు పెద్దదైతే అది నిండడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి మోత తక్కువసార్లు ఉంటుంది. చిన్నదైతే రోజంతా మోతే.

మా తప్పు ఇక్కడే ఉంది. ప్రతి చీటీకి లారీ ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, నిండుగా ఉన్నప్పుడు ఒకటి, రెండు ఫొటోలు తీస్తాం. వెతకడం సులువవుతుందని ఆ ఫొటోలన్నిటినీ మెమరీలోనే ఒక జాబితాలో ఉంచాము, తీసేయడం మరిచాము. జాబితాలో పేరున్నంత కాలం ఏ కలెక్టరూ వాటిని చెత్తగా భావించదు. వానాకాలం తక్కువ లారీలతో బయటపడని లోపం యాసంగి రద్దీలో బయటపడింది. మేము అప్పుడు వాడిన జావా 8 వెర్షన్‌లో మనం ఏమీ చెప్పకపోతే హీప్ గరిష్ఠ పరిమాణం కంప్యూటర్ ర్యామ్‌లో నాలుగో వంతు. మీలో ఎక్కువమందివి 4 జీబీ కంప్యూటర్లు, అంటే హీప్ 1 జీబీ. సాయంత్రానికి అది ఫొటోలతో నిండేది. కలెక్టర్ ప్రోగ్రాంను ఆపేసి, యార్డంతా మోసి, ఏమీ ఖాళీ చేయలేక, మళ్లీ మొదలుపెట్టేది.

దాని మీద మేము చేసిన రెండో తప్పు మొదటిదానికన్నా పెద్దది. హీప్‌ను 3 జీబీకి పెంచాము. 4 జీబీ కంప్యూటర్‌లో విండోస్, డేటాబేస్, బ్రౌజర్ కూడా ఉండాలి కదా. చోటు లేక విండోస్ మా హీప్‌లో కొంత భాగాన్ని హార్డ్ డిస్కుకు తరలించింది. మామూలు ప్రోగ్రాంకు ఇది కొంత నెమ్మది, అంతే. కలెక్టర్‌కు అలా కాదు. అది ఉంచాల్సిన ప్రతి వస్తువునూ తాకి చూడాలి. సగం సరుకు హాలియా గోదాములో పెట్టి, లెక్క చూసిన ప్రతిసారీ లారీల మీద ఇక్కడికి తెప్పించినట్టు అయింది. మూడు నిమిషాల నిరీక్షణకు కారణం అదే. ర్యామ్‌ను 8 జీబీ చేసుకున్న మిల్లుల్లో సమస్య రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, వచ్చాక ఆగే సమయం ఇంకా పెరిగింది.

గార్బేజ్ కలెక్షన్ నిన్న మొన్నటి పద్ధతి కాదు. 1959 ప్రాంతంలోనే కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ లిస్ప్ అనే కంప్యూటర్ భాష కోసం దీన్ని రూపొందించారు. కలెక్టర్ తన పనిని నమోదు చేస్తూ రాసే లాగ్‌ను చదివి ఉంటే మాకు మొదటి రోజే తెలిసేది: పూర్తి శుభ్రం తర్వాత కూడా మిగిలే మెమరీ గంట గంటకూ పెరుగుతూ ఉంది. చదవకుండా సలహా ఇచ్చాము. క్షమించండి.

ఇప్పుడు చేసిన మార్పులు చెబుతాను. మెమరీలో చివరి యాభై చీటీల ఫొటోలే ఉంటాయి, పాతవి డేటాబేస్ నుంచి వస్తాయి. దీంతో నిజంగా ఉంచుకోవాల్సిన సరుకు దాదాపు 150 ఎంబీకి తగ్గింది. హీప్‌ను అంతకు మూడు నాలుగు రెట్లు ఉంచడం మంచి లెక్క కాబట్టి 512 ఎంబీగా పెట్టాము. ఇంకా తగ్గించి చూశాం. 200 ఎంబీ దగ్గర ప్రోగ్రాం పనికన్నా శుభ్రానికే ఎక్కువ సమయం తీసుకుంది. జావా 8 నుంచి జావా 17కు కూడా మారాము. అందులో మామూలుగా వచ్చే జీ1 కలెక్టర్ యార్డునంతా ఒకేసారి మోయకుండా ముక్కలు ముక్కలుగా శుభ్రం చేస్తుంది, ఒక్కో విరామం 200 మిల్లీసెకన్లకు మించకూడదన్న లక్ష్యంతో నడుస్తుంది. లక్ష్యమే, హామీ కాదు. ఆ తేడా మీకు ముందే చెప్పాలనుకున్నాను.

ఆపరేటర్లకు ఒక మాట. టాస్క్ మేనేజర్‌లో మా ప్రోగ్రాం 512 కన్నా ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. ఆ పరిమితి హీప్‌కు మాత్రమే. జావా సొంత అవసరాలకు అదనంగా కొంత తీసుకుంటుంది. ఆ అంకె రోజంతా నిలకడగా ఉంటే మంచిదే. రోజు రోజుకూ పెరుగుతూ ఉంటే మాత్రం వెంటనే ఫోను చేయండి, సాయంత్రం దాకా ఆగవద్దు.

మా మాట మీద ర్యామ్ కొన్న పదకొండు మిల్లులకు ఆ బిల్లు మొత్తాన్ని వచ్చే ఏడాది నిర్వహణ రుసుములో తగ్గిస్తాం. రుసుము కన్నా బిల్లు ఎక్కువైతే తేడాను నగదుగా ఇస్తాం. వానాకాలం ధాన్యం రాకముందే ప్రతి మిల్లుకూ వచ్చి కొత్త వెర్షన్ ఎక్కిస్తాం. వేములపల్లి వైపు మిల్లులకు సోమ, మంగళవారాల్లో, దామరచర్ల వైపు బుధ, గురువారాల్లో, పట్టణంలోని వారికి శుక్ర, శనివారాల్లో. పని గంటలోపే అయిపోతుంది, కానీ ఆ గంట కాంటా ఆపాలి. మీకు అనువైన వేళ ముందు రోజు చెప్పండి, ర్యామ్ బిల్లు దగ్గర ఉంచండి.