అమ్మ ఇంటికొచ్చింది. కువైట్ శుక్రవారం అక్కలందరికీ థ్యాంక్స్

అమ్మ మొన్న రాత్రి చెన్నైలో దిగింది, అక్కడినుంచి అంబులెన్స్‌లో రాజంపేటకి తెచ్చుకున్నాం. మూడు రోజులుగా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి, ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేను.

తెలీనోళ్లకి చెప్తున్నా, అమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయి 9 ఏండ్లు. పోయిన నెల పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. 24 రోజులు ఆస్పత్రిలో. నాకు వీసా ఎప్పటికి రావాల, నేనెప్పటికి పోవాల. మా ఆయన, తమ్ముడు డబ్బుల కోసం తిరిగినారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది.

చెప్పాల్సింది ఒక అక్క గురించి. కోనసీమామె. పేరు రాయొద్దనింది, వాళ్ల మేడమ్‌కి తెలిస్తే గొడవంట. అమ్మకి చుట్టం కాదు, మా ఊరు కాదు, శుక్రవారం ప్రార్థనలో పక్కన కూర్చునే మనిషి, అంతే. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి కూడా శుక్రవారమే, ఒకే కాంపౌండ్‌లో తెలుగోళ్లు, మలయాళీలు, ఫిలిప్పీనోళ్లు, ఒకరి టైమ్ అయిపోతే ఇంకొకరు.

అమ్మ చర్చికి పోతోందని తెలిసిన రోజు నేను ఫోన్‌లో బాగా అరిచినా. "వారం మొత్తంలో నన్ను పేరు పెట్టి పిలిచేది ఆ రెండు గంటలే పాపా" అనింది. నేను కట్ చేసినా.

ఆ అక్కకి వారానికి నాలుగ్గంటలే బయటికి పంపిస్తారు. ఆ నాలుగ్గంటలూ ప్రార్థన మానుకుని అమ్మ దగ్గరికొచ్చేది. వాళ్లకి మూడంటే మనకి ఐదున్నర, కరెక్టుగా వీడియో కాల్ వచ్చేది, "ఆయ్, చూడండమ్మా, మీ అమ్మగారు ఇవాళ జావ మొత్తం తాగేశారండి" అని.

చెన్నైలో స్ట్రెచర్ మీద అమ్మని చూసినప్పుడు నేను ఏడవలే. అంబులెన్స్‌లో దిండు సర్దుదామని తల ఎత్తినా, అన్ని రోజులు మంచంలో ఉన్న మనిషి, జుట్టు అట్టకట్టి ఉంటుందనుకున్నా. నూనె పెట్టి, చిక్కు తీసి, బిగించి జడేసి, చివర కూరగాయల కట్టకుండే రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఇంగ అప్పుడు ఆగలేదు.

ఒకటి మాత్రం చెప్పాల. ఇంటిపనోళ్లకి వారానికొక రోజు సెలవు ఇయ్యాలని అక్కడ 2015లోనే చట్టం చేసినారు, అమ్మకి దక్కింది ఆ కాసేపే. అకామా, అంటే అక్కడ ఉండేదానికి పర్మిట్, రెన్యూ చేయాల్సింది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, చేయలేదు, రోజుకింత అని ఫైన్ మాత్రం మంచంలో ఉన్న మనిషి మీద పడింది. పంపించిన ఏజెంట్ ఫోనే ఎత్తలేదు. ఇక్కడ ఆఫీసులో అక్కడ అడగమంటారు, అక్కడ ఇక్కడ అడగమంటారు, ఒక్క కాగితానికి 11 రోజులు.

ఫైన్‌కి, టికెట్‌కి తక్కువైంది ప్రార్థన అక్కలే ఐదు దినార్లు, పది దినార్లు ఏసుకుని కట్టినారు. నూటాపది, నూటాఇరవై జీతమొచ్చేవాళ్లు. తిరిగిస్తామంటే లెక్క రాసుకోలేదన్నారు.

అయ్యో మర్చిపోయినా, అన్ని ఆఫీసులకీ కారులో తిప్పి పెట్రోల్‌కి కూడా తీసుకోని కడప భాయ్‌కి, రాత్రి డ్యూటీ మలయాళీ సిస్టర్‌కి, ఫ్లైట్‌లో అమ్మ పక్కన కూర్చుని వచ్చిన రాయచోటి అబ్బాయికి కూడా. పాస్టరుగారికి కూడా.

అమ్మకి మాట ఇంకా ముద్దగానే వస్తోంది. పొద్దున లేస్తూనే "శుక్రవారమా?" అంటోంది. ఈరోజు మంగళవారమమ్మా అంటే కండ్లు మూసుకుంటోంది. అక్కా, ఈ శుక్రవారం ఐదున్నరకి కాల్ మేమే చేస్తాం, ఎత్తు.