తనిఖీ ఫలితాలతో బైకుల మన్నికను తేల్చొద్దు

సంపాదకులకు,

బ్రిటన్ లాంటి చోట్ల ఏటా జరిగే ఫిట్‌నెస్ తనిఖీల్లో ఫెయిలైన బైకుల లెక్కలు చూపి ఫలానా కంపెనీ బండి మన్నికైనది, ఫలానాది కాదు అని తేల్చేయడం అన్యాయం. అక్కడ ఇంజిన్ విప్పి చూడరు. ముఖ్యంగా చూసేది లైట్లు, బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, సస్పెన్షన్. బ్రేక్ ప్యాడ్ అరిగిందంటే చాలాసార్లు యజమాని సమయానికి మార్చలేదనే అర్థం. ముందు చక్రం ఫోర్కులో ఆయిల్‌ను ఆపే సీలు కారి ఆ ఆయిల్ బ్రేక్ డిస్కు మీద పడితే మాత్రం ప్రాణాల మీదికొస్తుంది. అలాంటివి పట్టుకోవడానికే ఈ తనిఖీ.

బ్రిటన్‌లో 3 ఏళ్లు నిండిన బైకుకు ఏటా ఎంఓటీ అనే ఈ ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి, ఆ ఫలితాల డేటా ఎవరైనా చూడొచ్చు. దాన్ని వాడి రాసేవారు బండి వయసు, తిరిగిన దూరం, ఫెయిలైన భాగం విడివిడిగా చెప్పాలి. ఎండ కాసినప్పుడే బయటికి తీసే బండినీ, రోజంతా తిరిగే డెలివరీ బండినీ దయచేసి ఒకే గాటన కట్టకండి.

- ఒక పాఠకుడు