షట్టర్ సగం దించిన కొట్లు

విశాఖపట్నం

ఒరే సూరీ,

పిన్ని మోకాలినొప్పి తగ్గిందా? బంద్ రోజు కొట్లు ఎలా మూతపడతాయన్న నా పీహెచ్‌డీ ఎందాకా వచ్చిందని నువ్వడిగితే ఫోన్లో మాట దాటేశాను కదా, ఇదిగో తీరిగ్గా రాస్తున్నా. లెక్కలొచ్చాయని పారిపోకు.

మొన్న బంద్ రోజు పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. జెండాలవాళ్లు ఇంకా రానేలేదు. ఒక్క కొట్టూ పూర్తిగా తెరిచి లేదు, అలాగని మూసీ లేదు. షట్టర్ సగానికి దించి, కిందనుంచి తల బయటపెట్టి ప్రతివాడూ ఎదుటివాడి వంకే చూపు. ఇంతలో మూలమీది బట్టల కొట్టాయన ధడాలుమని దించేశాడు. పక్కన ఫ్యాన్సీ షాపు, ఆ పక్కన స్టీలు సామాన్ల కొట్టు... నేను టీ తాగేలోపు వరసంతా మూత. పక్క సందులో మాత్రం ఒకే ఒక్క షట్టర్ పడి, అక్కడితో ఆగిపోయింది. అవీ అలాంటి కొట్లే, వాళ్లూ అలాంటి మనుషులే!

మామూలుగా మా సోషల్ సైన్సువాళ్లం ఏం చేస్తామంటే, ప్రశ్నపత్రాలు పంచి, బంద్‌కి మద్దతు సగటున ఎంతో తేల్చి, ఓ సరళరేఖ గీసేస్తాం. మద్దతు ఇంత పెరిగితే మూతలు అంత పెరుగుతాయని. ఈ రెండు సందుల తేడా ఆ గీతకి చచ్చినా అందదు.

1978లో గ్రానొవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు వేసిన లెక్క చూడు. వందమంది గుంపు. మొదటివాడు ఎవరి తోడూ లేకుండానే రాయి విసురుతాడు. రెండోవాడికి ముందు ఒకడు దిగాలి, మూడోవాడికి ఇద్దరు, అలా చివరివాడికి 99 మంది. ఒకడి వెనక ఒకడు, వందమందీ దిగుతారు. ఇప్పుడు ఆ రెండోవాణ్ణి తీసేసి, ఇద్దరు దిగితే గానీ కదలనివాణ్ణి పెట్టు. మొదటివాడు విసురుతాడు, ఇంకెవడూ కదలడు! ఎంతమంది దిగితే తానూ దిగుతాడన్న అంకెల సగటు 49.50 నుంచి 49.51 అయింది, అంతే. గొడవ మాత్రం వందమంది నుంచి ఒక్కడికి పడిపోయింది. నాన్‌లీనియర్ మోడల్స్ (సరళరేఖకి లొంగని లెక్కలు) మీద నాకు మోజు పుట్టింది ఇక్కడే.

అలాగని సమీకరణం కనబడితే చాలు చొక్కా చించుకునే బాపతు కాదులే నేను. 1970ల్లో జీమన్ అనే గణితజ్ఞుడి బృందం జైలు గొడవలకి కెటాస్ట్రఫీ థియరీ తగిలించింది. మెల్లగా పెరిగేది ఉన్నట్టుండి ఎలా తెగుతుందో చెప్పే లెక్క అది. 1978లో సస్‌మన్, జాలర్ అనే ఇద్దరు గణితజ్ఞులు సోషల్ సైన్సుల్లో ఆ థియరీ వాడకాన్ని, కొలతకందనివాటికి అంకెలు అంటగట్టారని ఉతికి ఆరేశారు. ‘అసంతృప్తి’ని ఏ తూకంతో తూస్తావురా మరి?

నా తలనొప్పీ అదే. ‘ఎన్ని కొట్లు మూస్తే మీరు మూస్తారండీ?’ అంటే ఒక్కడూ అంకె చెప్పడు. ‘ఎదురుగా బంగారం కొట్టాయన మూస్తే మూస్తా బాబూ, మిగతావాళ్లు మూస్తే నాకేంటి?’ అన్నాడు గాజుల కొట్టాయన. అంటే ఎంతమంది అన్నది ఒక్కటే చాలదు, ఎవరన్నదీ లెక్కలోకి రావాలి. సందు సందుకీ ఎవరు ఎవరి వంక చూస్తారో మ్యాపు గీస్తున్నా.

దాన్ని పైథాన్ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించడం నావల్ల కావట్లేదు గురూ. సంక్రాంతికి వస్తావుగా, ల్యాప్‌టాప్ తెచ్చుకో. గెస్ట్ రూము, అమ్మ చేతి చేపల పులుసు నా పూచీ.

నీ
రాజు