మా పాపకి పాఠం చేతికందేలా చేయండి, మంత్రిగారూ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. సోమవారం అర్జీల్లో మూడుసార్లు కాగితం పెట్టాను. మూడు రసీదులూ నా దగ్గరే ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా నేరుగా మీకే రాస్తున్నాను.

మా పెద్దమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఎనిమిదో తరగతి, తెలుగు మీడియం, ఊళ్లో బడికే వెళ్తుంది. ఈ ఏడాది బ్రెయిలీ తెలుగు వాచకం దసరా సెలవులు అయ్యాక గానీ రాలేదు. వచ్చింది కూడా పూర్తిగా లేదు, చివరి సంపుటం లేదు. అచ్చుపుస్తకం ఒక్కటి బ్రెయిలీలో ఎన్ని లావుపాటి సంపుటాలు అవుతుందో మాకు తెలుసు. అచ్చువేయడం, చేరవేయడం కష్టమనీ తెలుసు. అందుకే ఫోను మీద ఆశ పెట్టుకున్నాం.

దాతలెవరో పాపకి బ్రెయిలీ డిస్‌ప్లే కొనిచ్చారు. బ్లూటూత్‌తో ఫోనుకి కలిపితే, తెర మీది అక్షరాలు దాని మీద చుక్కలుగా పైకి లేస్తాయి. వరుసకి 20 గడులు. వేళ్లతో ఒక వరుస చదివి మీట నొక్కితే తర్వాతి వరుస వస్తుంది. తెలుగు బ్రెయిలీ కూడా వస్తుంది, అక్షరాలని చుక్కలుగా మార్చడానికి కావలసిన లిబ్‌లూయీ అనే సాఫ్ట్‌వేర్ పట్టికలు ఉచితంగానే దొరుకుతాయి. నేను వాట్సాప్‌లో ‘అన్నం తిన్నావా’ అని పంపితే మా పాప వేళ్లతో చదివి, ఫోను తెర మీద ఆరు వేళ్లతో బ్రెయిలీలోనే జవాబు కొట్టింది. ఆ రోజు ఇంట్లో పండగే.

మర్నాడు మీ వెబ్‌సైటు నుంచి వాచకం పీడీఎఫ్ దించి తెరిచాం. మొదటి వాక్యం దగ్గరే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. పరికరం పాడైందేమోనని పాప ఏడ్చింది. పరికరం బాగానే ఉంది. పుస్తకాన్ని అచ్చు పేజీల కోసం వాడే పాతకాలపు డీటీపీ ఫాంటులో కూర్చారట. కంటికి కనిపించేది తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు మీటల గుర్తులు. ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని ఫోన్లూ గుర్తుపట్టే కోడు ఉంటుంది, దాన్నే యూనికోడ్ అంటారు. అది కాకపోతే ఫోను చదవలేదు, చుక్కలుగా మార్చలేదు. చూపున్న పిల్లలకి ఈ తేడాయే తెలియదు.

అప్పటినుంచి పాఠాలు నేనే టైపు చేస్తున్నాను. కుట్టుమిషను కట్టేశాక, రాత్రి పదింటికి, వాచకం పక్కన పెట్టుకుని ఒక్కో పేరా ఫోనులో కొడతాను. నేను చదివింది ఇంటరే. పద్యాల్లో ఒత్తులు తప్పు పడితే పాప ఆ తప్పే నేర్చుకుంటుందని భయం. గద్యం ఎలాగో లాక్కొస్తున్నాను. సాంఘికం పుస్తకం సగంలో ఆగింది. లెక్కల పుస్తకం నా వల్ల కాదు, మంత్రిగారూ. పాప చెల్లికి జ్వరం వచ్చి నేను నాలుగు రాత్రులు టైపు చేయకపోతే పెద్దది నాలుగు రోజులు బడిలో ఊరికే కూర్చుంది.

‘ఫోను చదివి వినిపిస్తుంది కదమ్మా, ఇంకా బ్రెయిలీ ఎందుకు?’ అన్నారు ఒక అధికారి. ముందు ఆ పీడీఎఫ్‌ని వినిపించదు. వినిపించినా చాలదు. కిందటేడు పరీక్షలో మా అమ్మాయి ‘కళ్లు’ అని రాయాల్సిన చోట ‘కల్లు’ అని రాసింది. విని నేర్చుకున్న మాట అది. చెవికి రెండూ ఒకటిలాగే పడ్డాయి. బ్రెయిలీలో ఒక్కో గుర్తుకి రెండు నిలువు వరుసల్లో మూడేసి చుక్కల చోటు ఉంటుంది. ఎడమ వరుస మూడు చుక్కలూ లేస్తే ల, కుడి వరుస మూడూ లేస్తే ళ. వేలు పొరబడదు. స, శ, ష అయినా, న, ణ అయినా అంతే. మీ పిల్లలకి పుస్తకం ఇవ్వకుండా చదివి వినిపిస్తే చాలంటే మీరు ఒప్పుకుంటారా?

ఇంకొకరు కాపీరైటు అన్నారు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడే వికలాంగులకి చదవగలిగే రూపంలో పుస్తకాలు అందడానికి మినహాయింపు ఇచ్చారు. చూపులేనివాళ్లకి పుస్తకాలు అందేలా దేశాలు చేసుకున్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటోంది. అసలు ఆ పుస్తకం మీదే కదండీ, మీరు ఇస్తానంటే అడ్డెవరు?

నేను పరికరం అడగడం లేదు, డబ్బు అడగడం లేదు. వాచకాన్ని యూనికోడ్‌లో ఒక మామూలు ఫైలుగా పెట్టమంటున్నాను. అన్ని తరగతులవీ, అన్ని సబ్జెక్టులవీ. ఈ ఏడాది మిగిలిన పాఠాలైనా ముందు ఇవ్వండి. వచ్చే జూన్‌లో బడి తెరిచే రోజుకి తొమ్మిదో తరగతివి సిద్ధంగా ఉంచండి. పాఠం పక్కన క్యూఆర్ కోడ్ అచ్చు వేయించారు, అది ఎక్కడుందో మా పాప వేలికి తగలదు. దాన్ని కూడా చూడండి. దయచేసి ఈ ఉత్తరానికి కింది ఆఫీసు వాళ్ల చేత రసీదు పంపించవద్దు. ఫైలు పంపించండి.

ఇట్లు,
ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లి