కిందున్న డౌన్‌లోడ్ పట్టీ పైకి పోతే ఏం చెయ్యాలె

నల్లగొండ

బిడ్డా,

ఫోన్ల నువ్వన్న ఒక మాట పొద్దటి నుంచి మనసుల తిరుగుతున్నది. "బ్రౌజర్ రాత్రికి రాత్రి మారింది నాయినా, వరుసల జనం నిలవడ్డరు, నాకే చాతనైతలేదేమో" అన్నవు. చాతగాక కాదు బిడ్డా. సర్టిఫికెట్లు ఇచ్చే సెంటర్ల కూసొని ఆదాయం సర్టిఫికెట్ దించి ప్రింట్ కొట్టే పని రోజంతా చేసే మనిషికి కన్ను చదవకముందే చెయ్యి పోతది. వంటింట్ల ఉప్పు డబ్బా ఏ అరల ఉన్నదో చూడకుంటనే అందుకుంటం కదా, అట్ల. ఎవరో వచ్చి డబ్బాల వరుస మార్చి పోతే వంట చేసే మనిషిది తప్పెట్లయితది?

నీ దగ్గర క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండు బ్రౌజర్లూ ఉన్నయి కాబట్టి రెండింటికీ రాస్తున్న. ఈ కాయితం సిస్టమ్ పక్కన పెట్టుకొని ఒక్కొక్కటి చేసుకుంట పో.

ముందుగాల మారింది బ్రౌజరా, వెబ్‌సైటా అన్నది తేల్చుకో. అదే పేజీని రెండో బ్రౌజర్ల తెరువు. అక్కడ కూడ కొత్త తీరుగ కనవడితే సైటే మారింది, నువ్వు సెట్టింగులల్ల ఎంత దేవులాడినా పాతది దొరకది. ట్యాబులు, అడ్రస్ బార్, మెనూ మారితే అది బ్రౌజర్ పని. బార్లన్నీ ఒక్కసారే మాయమైతే అది అసలు మార్పే కాదు, ఎవరి వేలో ఎఫ్11 మీద పడ్డది. మళ్ల ఎఫ్11 నొక్కు, వస్తయి. అక్షరాలు ఉన్నట్టుండి చిన్నగనో పెద్దగనో అయితే, కంట్రోల్ బటన్ పట్టుకొని మౌస్ చక్రం తిప్పిండ్రన్నట్టు. కంట్రోల్, సున్నా కలిపి నొక్కు, మామూలు సైజుకు వస్తది. ఈ రెండింటికి కూడ ఉత్తగనే అప్‌డేట్ మీద నింద పడుతుంటది.

రాత్రికి రాత్రి ఎందుకు మారుతదంటే, బ్రౌజర్ కొత్త వర్షన్‌ను మనకు తెల్వకుంట దించి పెట్టుకుంటది, మనం మూసి మళ్ల తెరిచినప్పుడు అది లేస్తది. సెంటర్ బంద్ చేసి పొద్దున తీసేసరికి మొఖం వేరే ఉంటది. ఫైర్‌ఫాక్స్‌కు నాలుగు వారాలకొక వర్షన్ వస్తది. వాటిల్ల శానామట్టుకు మనం గుర్తు కూడ పట్టం. పెద్ద మార్పు కొన్నేండ్లకొకసారి వస్తది. 2014 ఏప్రిల్ల 29వ వర్షన్‌తోటి ట్యాబుల అంచులు వంపు తిరిగినయి, మెనూ కుడిదిక్కు మూడు గీతల కిందికి పోయింది. 2017 నవంబర్ల 57తోటి పాత పద్ధతి యాడ్ఆన్‌లు, అంటే బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అన్నీ ఆగిపోయినయి. 2021 జూన్ల 89తోటి ట్యాబులు పట్టీ నుంచి విడిపోయి గుండీల లెక్క అయినయి, మెనూలల్ల మాటల పక్కనుండే బొమ్మలు తీసేసిండ్రు. క్రోమ్ 2018 సెప్టెంబర్ల ఒకసారి, 2023ల పదిహేనేండ్లు నిండినప్పుడు ఇంకోసారి రూపం మార్చుకున్నది. కింది అంచుకు ఉండే డౌన్‌లోడ్ పట్టీ కుడి పైమూలకు పోయింది కూడ ఆ 2023లనే.

వీటన్నిట్ల నాకు ఎక్కువ బాధ మెనూల బొమ్మలు తీసేసినందుకు. తెలుగు మీడియంల చదివి ఆపరేటర్‌గ కూసున్న పిల్లలు ప్రింటర్ బొమ్మ జూసి 'ప్రింట్' పట్టుకుంటరు. బొమ్మ పోతే ఆ ఇంగ్లీషు వరుసలన్నీ పైనుంచి కిందిదాక చదువాలె. చూడనీకి సాఫ్‌గ ఉంటదని తీసిండ్రు. సాఫ్‌గ ఉండుడు కన్నా ఆనవాలు ఉండుడు ముఖ్యం, ఈ మాట మీద నేను గట్టిగుంట.

ఇగ నీ పనికి వద్దాం. డౌన్‌లోడ్ ముచ్చట ముందు తెగాలె, ఎందుకంటే దాంట్ల పొరపాటైతే ఒకరి సర్టిఫికెట్ ఇంకొకరి చేతుల పడ్తది. సైట్లు ఇచ్చే పీడీఎఫ్‌లకు తరచుగ ఒక్కటే పేరు ఉంటది. రెండోది దించితే పేరు ఎనుక బ్రాకెట్ల 1, మూడోదానికి 2 పడ్తది. కింద పట్టీ ఉన్నప్పుడు దించినవి వరుసగ కండ్ల ముందు ఉంటుండె. ఇప్పుడు పైమూలకు చిన్న బొమ్మ మెరిసి, కొంచెంసేపటికి అది కూడ పోతది. తొందరల పాత ఫైల్ తెరిచి ప్రింట్ కొడ్తం.

దీనికి మందు ఇది. క్రోమ్ల మూడు చుక్కలు, 'సెట్టింగ్స్', ఎడమదిక్కు 'డౌన్‌లోడ్స్'. అండ్ల ప్రతి ఫైల్‌కు ఎక్కడ దాచాలెనో ముందే అడుగుమనే వరుస ఉంటది, దాన్ని ఆన్ చెయ్యి. దాని దగ్గరనే డౌన్‌లోడ్ అయిపోయినంక చూపెట్టుమనేది ఉంటది, అది కూడ ఆన్ల ఉంచు. ఫైర్‌ఫాక్స్ల 'సెట్టింగ్స్', 'జనరల్', కిందికి జరిగితే డౌన్‌లోడ్స్ భాగం. అక్కడ కూడ ఎప్పుడూ అడుగుమనే డబ్బాల టిక్ పెట్టు. 2022 మార్చిల వచ్చిన 98వ వర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ మామూలుగ అడుగకుంటనే దించేస్తది, అందుకే ఈ టిక్ అవుసరం. తర్వాత డెస్క్‌టాప్ మీద తారీఖు పేరుతోటి రోజుకొక ఫోల్డర్ పెట్టి, ఫైల్ దాచేటప్పుడు పేరు తీసేసి దరఖాస్తు నంబరు కొట్టు. ఒక్కొక్కదానికి నాలుగైదు సెకన్లు ఎక్కువ పడ్తయి, పడనియ్యి. సాయంత్రం ఆ ఫోల్డర్ ఖాళీ చేసి రీసైకిల్ బిన్ కూడ ఖాళీ చెయ్యి. జనాల ఆధార్ నంబర్లు ఉంటయి అండ్ల.

ఫైర్‌ఫాక్స్ల డౌన్‌లోడ్ బాణం గుర్తు ఏం దించనప్పుడు దాక్కుంటది. టూల్‌బార్ మీద ఖాళీ జాగల కుడి క్లిక్ కొట్టి 'కస్టమైజ్ టూల్‌బార్' తెరువు, బాణం గుర్తు మీద క్లిక్ చేస్తే ఖాళీగ ఉన్నప్పుడు దాచుమనే టిక్ కనవడ్తది, అది తీసెయ్యి. అదే పేజీల ప్రింట్ బొమ్మను పట్టి గుంజుకొచ్చి అడ్రస్ బార్ పక్కన పెట్టుకో. ఏమన్న తప్పు జరిగితే కింద 'రిస్టోర్ డిఫాల్ట్స్' ఉంటది, భయపడకు. క్రోమ్ల ఇంత వెసులుబాటు లేదు.

బొమ్మలు ఎటు పోయినా కీబోర్డు మీటలు శానామట్టుకు జరగలేదు. ఇన్ని మార్పులల్ల చెక్కుచెదరకుంట నిలవడ్డవి అవే. కంట్రోల్, జె కలిపి నొక్కితే రెండు బ్రౌజర్లల్ల డౌన్‌లోడ్స్ వస్తయి. అట్లనే కంట్రోల్‌తోటి ఎల్ కొడితే అడ్రస్ బార్లకు పోతవు, టి కొత్త ట్యాబు, డబ్ల్యూ ట్యాబు మూత, పి ప్రింట్, హెచ్ హిస్టరీ. పొరపాటున ట్యాబు మూస్తే కంట్రోల్, షిఫ్ట్, టి. ఇది ఒక్కటి తెలిస్తే సగం దడ తగ్గుతది. కాకుంటే సగం నింపిన ఫారం మళ్ల అట్లనే వస్తదని నమ్మకు, పేజీ వస్తది గానీ నింపింది పోవచ్చు. బుక్‌మార్కుల పట్టీ పోతే కంట్రోల్, షిఫ్ట్, బి. ఫైర్‌ఫాక్స్ల ఆల్ట్ ఒక్కటే నొక్కితే ఫైల్, ఎడిట్ అనే పాత మెనూ వరుస ఇప్పటికీ పైన లేస్తది. క్రోమ్ల ట్యాబులు ఇరవై అయి ఏదేందో తెల్వకుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎ నొక్కి పేరు కొట్టు. నీ దగ్గర పనిచేసే పిల్లకు వీటిని తెలుగుల పెద్దగ రాసి మానిటర్ అంచుకు అతికియ్యి. రోజుకు రెండు మీటలు చొప్పున అలవాటు చెయ్యి, అన్నీ ఒక్కరోజే చెప్పకు.

రసీదు కిటికీ తెరుచుకోకుంటే, పాప్అప్‌ను, అంటే దానంతటదే లేచే కిటికీని, బ్రౌజర్ ఆపిందన్నట్టు. క్రోమ్ల అడ్రస్ బార్ కుడి చివరకు చిన్న గుర్తు వస్తది, దాన్ని నొక్కి ఆ సైటుకు మాత్రమే ఎప్పుడూ తెరువుమని చెప్పు. ఫైర్‌ఫాక్స్ల పేజీ మీద పట్టీ వస్తది, దాని పక్కన బటన్ల అదే ఉంటది. అన్ని సైట్లకు తెరిచిపెట్టకు. ఇంకొకటి, గుర్తు పెట్టుకో: రసీదు రాలేదని పైసలు కట్టే బటన్ మళ్ల నొక్కకు. ముందు దరఖాస్తు స్టేటస్ చూడు. పైసలు పోయి కిటికీ ఒక్కటే ఆగి ఉండొచ్చు.

అడ్రస్ బార్ల తాళం బొమ్మ పోయిందని అడిగినవు. క్రోమ్ 2023 సెప్టెంబర్ల 117వ వర్షన్‌తోటి తాళం తీసి, రెండు గీతలు, వాటి మీద చిన్న గుండ్రాలు ఉన్న గుర్తు పెట్టింది. ఈ మార్పు మాత్రం న్యాయమే. తాళం ఉంటే మంచి సైటని జనం అనుకుంటుండ్రి. అది చెప్పేది మన కంప్యూటర్‌కు, ఆ సైటుకు నడుమ పోయే సమాచారం దారిల ఎవరూ చదువలేరని మాత్రమే. మోసగాడు కూడ తాళం తెచ్చుకుంటడు. ఇప్పుడు ఆ గుర్తు నొక్కితే ఆ సైటుకు ఇచ్చిన కెమెరా, పాప్అప్ అనుమతులన్నీ ఒక్కదగ్గర దొరుకుతయి.

మూలకున్న సిస్టమ్ మానిటర్ 1366 బై 768 చుక్కలది కదా. దాని మీద నిలువు జాగ తక్కువ, కొత్త రూపంల ట్యాబులు లావైతే ఫారం కింద ఉన్న 'సబ్మిట్' కనవడకుంట పోతది. ఫైర్‌ఫాక్స్ల సన్నగ చేసుకునే వీలు ఉన్నది గానీ దాచి పెట్టిండ్రు. 2021ల పూర్తిగ తీసేద్దామనుకున్నరు, వాడేటోళ్లు గట్టిగ అడిగితే దాచి ఉంచిండ్రు. అడ్రస్ బార్ల ఇంగ్లీషుల అబౌట్, కోలన్ (ఒకదాని మీదొకటి రెండు చుక్కలు), కాన్ఫిగ్, నడుమ ఖాళీ లేకుంట కొట్టు. హెచ్చరిక వస్తది, ఒప్పుకో. పైన ఎతికే డబ్బాల 'కాంపాక్ట్‌మోడ్' అని కొడితే చివర 'షో' అని ఉన్న వరుస వస్తది, దాన్ని రెండుసార్లు నొక్కి 'ట్రూ' చెయ్యి. ఇగ కస్టమైజ్ టూల్‌బార్ పేజీల కింద 'డెన్సిటీ' దగ్గర 'కాంపాక్ట్' కనవడ్తది, దాన్ని ఎంచుకో. అక్కడ వేరేవేమీ ముట్టకు.

పాత రూపం పూర్తిగ తెప్పిస్తమనే దారులు కొన్ని ఉన్నయి, వాటి సంగతి చెప్త. క్రోమ్ల ఫ్లాగ్స్ అనే పేజీ నుంచి కొన్ని మార్పులు ఆపొచ్చు, గానీ అక్కడి స్విచ్చులు పరీక్ష కోసం పెట్టినవి, కొన్ని వర్షన్లయినంక వాటినే తీసేస్తరు. 2021 ఫైర్‌ఫాక్స్ రూపానికి కూడ అట్లనే ఒక స్విచ్ ఉండె, రెండు వర్షన్లు దాటంగనే 91ల పోయింది. ఫైర్‌ఫాక్స్ మన బుక్‌మార్కులు, సెట్టింగులు దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ల 'క్రోమ్' అనే ఫోల్డర్ పెట్టి (క్రోమ్ బ్రౌజర్ కాదు, పేరొక్కటే), 'యూజర్‌క్రోమ్' అనే సీఎస్ఎస్ ఫైల్, అంటే రంగు, రూపం ఎట్లుండాలెనో చెప్పే ఫైల్, రాసి రూపం మార్చేటోళ్లు ఉన్నరు. 69వ వర్షన్ నుంచి దానికి కాన్ఫిగ్ పేజీల అనుమతి కూడ ఇయ్యాలె. నోట్‌ప్యాడ్ల దాస్తే పేరు ఎనుక టీఎక్స్‌టీ తోక తగిలి ఫైల్ పనిచెయ్యది, మస్తుమంది అక్కడనే ఆగుతరు. ఇంట్ల సిస్టమ్‌కైతే చేసుకో. సెంటర్ల వద్దు, ఒక అప్‌డేట్ వచ్చి అది చెదిరితే జనం ముందర కూసొని బాగుచెయ్యలేవు. పాత వర్షన్ దించి ఎక్కిచ్చుడు అసలే వద్దు. భద్రతా లోపాలు పూడ్చింది కొత్త వర్షన్ల, మనం కట్టేది జనం పైసలు. పైగా 67 నుంచి ఫైర్‌ఫాక్స్, కొత్త వర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాతదాంట్ల తెరవనియ్యది. కొత్త ప్రొఫైల్ పెట్టుమంటది, బుక్‌మార్కులు పోయినయని మళ్ల గుండె గుభేలుమంటది.

సెంటర్‌కు సరిపోయేది ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్. ఆఫీసులకు, స్కూళ్లకని మొజిల్లా వాళ్లే ఇస్తరు, పైసలేమీ లేవు. భద్రతా సవరణలు మామూలుదానికి వచ్చినట్టే వస్తయి, రూపం, పద్ధతి మాత్రం సుమారు ఏడాదికొకసారే మారుతయి. 2022ల 102, 2023ల 115, 2024ల 128, 2025ల 140, ఇట్ల. కొత్త ఈఎస్ఆర్ వచ్చినా పాతది కొన్ని వారాలు నడుస్తది, ఆ సందుల మనకు వీలైన రోజు చూసి మారొచ్చు. 2021 జూన్ల అందరికీ వచ్చిన కొత్త మొఖం ఈఎస్ఆర్ వాళ్లకు ఆగస్టుల 91 వచ్చినంకనే చేరింది. జూన్ల అడ్మిషన్ల రద్దీ, కుల, ఆదాయ సర్టిఫికెట్ల వరుస ఉండే మనకు ఆ రెండు నెలల ఎడం చిన్నది కాదు.

ఎక్కిచ్చే ముందు పాతదాంట్ల కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కి, 'ఇంపోర్ట్ అండ్ బ్యాకప్' కింద బుక్‌మార్కులను హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గ దాచుకో. ఈఎస్ఆర్ కొత్త ప్రొఫైల్‌తోటి తెరుచుకుంటది కాబట్టి అక్కడనే మళ్ల లోపలికి తెచ్చుకోవాలె. మొజిల్లా సొంత సైటు నుంచే దించు. ఎతికితే పైన ప్రకటనలల్ల వచ్చే లింకులు ముట్టకు.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ల తప్ప తెరవని పాత సైటు ఇంకేమన్న మిగిలితే, ఆ బ్రౌజర్ 2022 జూన్ 15తోటి ఆగిపోయింది కాబట్టి మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్ సెట్టింగులల్ల 'డిఫాల్ట్ బ్రౌజర్' కింద ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్‌కు అనుమతి ఇచ్చి ఆ పేజీని చేర్చు. అది ముప్పై రోజులే ఉంటది, మళ్ల చేర్చాలె. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకో.

మార్పు నచ్చకపోతే ఊకోకు, రాయి. క్రోమ్ల మెనూల 'హెల్ప్' కింద ఇబ్బంది తెలిపేది ఉంటది, ఆల్ట్, షిఫ్ట్, ఐ కొట్టినా వస్తది. ఫైర్‌ఫాక్స్ హెల్ప్ల కూడ అభిప్రాయం పంపేది ఉన్నది. "బాగలేదు" అని రాస్తే వాళ్లకు ఏమీ తెల్వది. ఏ వర్షన్, ఏ సైజు మానిటర్, ఏ పని మునుపు ఎన్ని క్లిక్కులల్ల అయితుండె, ఇప్పుడు ఎన్ని పడ్తున్నయి అన్నది రాయి. కాంపాక్ట్ మిగిలింది జనం రాస్తనే.

శనివారం సెంటర్ బంద్ చేసినంక ముందు మూల సిస్టమ్ల ఈఎస్ఆర్ పెట్టు, ఆదివారం ఉత్త ఫారం ఒకటి తెరిచి దించుడు, ప్రింట్, పాప్అప్ మూడూ చూసుకో. సోమవారం, మంగళవారం పాత బ్రౌజర్‌ను తీసెయ్యకు, పక్కన ఉండనియ్యి. బుధవారం దాక ఏ ఇబ్బందీ రాకుంటే రెండో సిస్టమ్ మార్చు. ఎక్కడన్న ఆగితే తెర మీద కనవడ్డ మాటలు ఉన్నదున్నట్టు రాసుకొని ఫోన్ చెయ్యి, రాత్రయినా పర్వలేదు. అల్లునికి, పిల్లలకు అడిగినట్టు చెప్పు.

మీ నాయిన