కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ ఎందుకు ఆగుతోంది: మా కస్టమర్లకు

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో మేం ప్రింటర్లు కనెక్ట్ చేసి ఇచ్చిన ఆఫీసులన్నిటికీ ఈ మాట. ఎండాకాలం మొదలైతే మాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి: "కరెంటు పోయి వచ్చింది, ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది, జర ఎవరినైనా పంపండి." మా మనిషి వచ్చి ప్రింటర్‌ను తీసేసి మళ్లీ యాడ్ చేస్తాడు, ఒక పేజీ కొట్టి చూపిస్తాడు, విజిటింగ్ చార్జీ తీసుకుని పోతాడు. ఇంకోసారి గాలిదుమారం వస్తే మళ్లీ అదే కథ. మీ ప్రింటర్ బాగానే ఉంది, మేం పెట్టిన పద్ధతిలోనే లోపం ఉంది. ఆ పద్ధతి మారుస్తున్నాం. ఇదివరకు మేం పెట్టిన చోట్లకు మేమే వచ్చి చార్జీ లేకుండా సరిచేస్తాం. ఏం మారుస్తామో, ఎందుకో కింద రాస్తున్నాం. కొంత ఓపిక ఉన్నవాళ్లు మేం వచ్చేదాకా ఆగకుండా తామే చేసుకోవచ్చు.

మీ ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కూ, ఫోన్‌కూ, ప్రింటర్‌కూ రౌటర్ ఒక ఐపీ నంబర్ ఇస్తుంది, 192.168.1.7 లాంటిది. కొంత గడువు పెట్టి అద్దెకిచ్చినట్టే ఇస్తుంది. కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి లేచి నంబర్ అడుగుతాయి, చిన్న రౌటర్లు చాలావరకు పాత లెక్క గుర్తుపెట్టుకోవు. నిన్న 7లో ఉన్న ప్రింటర్‌కు ఇవాళ 9 వస్తుంది. ఆ 7 ఎవరి ఫోన్‌కో పోతుంది. కంప్యూటర్ మాత్రం పేజీలన్నీ ఇంకా 7కే పంపుతుంది. అటునుంచి జవాబు రాక ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది.

ఇది మీరే తేల్చుకోవచ్చు. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ రిపోర్ట్ లేదా కాన్ఫిగరేషన్ పేజీ అని ఉంటుంది, దాన్ని ప్రింట్ తీయండి. అందులో ఐపీవీ4 అడ్రస్ చూడండి. కంప్యూటర్లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ ట్యాబ్‌లో టిక్ ఉన్న వరుస చూడండి. రెండు నంబర్లూ వేరైతే జబ్బు ఇదే. కొందరు పింగ్ (ఆ నంబర్‌లో ఎవరైనా ఉన్నారా అని పిలిచి చూసే పరీక్ష) కొట్టి జవాబు వచ్చిందని ప్రింటర్ దొరికింది అనుకుంటారు. ఆ జవాబు ఫోన్ కూడా ఇవ్వగలదు. ఆ నంబర్‌ను బ్రౌజర్‌లో కొట్టి చూడండి, ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటేనే అది ప్రింటర్.

మందు ఏమిటంటే, ప్రింటర్ నంబర్ ఎప్పటికీ మారకుండా కట్టేయడం. రౌటర్ అడ్మిన్ పేజీలో లాన్ సెట్టింగ్స్, అందులో డీహెచ్‌సీపీ (నంబర్లు పంచే పని), అక్కడ రిజర్వేషన్ అని గానీ స్టాటిక్ లీజ్ అని గానీ ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (ఆ యంత్రాన్ని రౌటర్ గుర్తుపట్టే మారని గుర్తు) ఎక్కించి, 50 లాంటి ఒక నంబర్ ఇచ్చి సేవ్ చేయాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, మా పిల్లలు కూడా చేశారు: ప్రింటర్‌కు లాన్ కేబుల్‌కు ఒక మ్యాక్, వైఫైకి ఇంకో మ్యాక్ ఉంటాయి. వైఫై మీద నడిచే ప్రింటర్‌కు కేబుల్ మ్యాక్ ఎక్కిస్తే రిజర్వేషన్ ఉన్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు.

ప్రింటర్‌లోనే మాన్యువల్‌గా నంబర్ పెట్టే దారి కూడా ఉంది. అలా పెడితే ఆ నంబర్ రౌటర్ పంచే వరుసకు బయట ఉండాలి. వరుసను 100 నుంచి 200 వరకు కుదించి ప్రింటర్‌కు 50 ఇస్తే గొడవ లేదు. అలా కుదించకుండా ప్రింటర్‌లో నంబర్ పెట్టి వచ్చిన చోట్ల ఒకే నంబర్ ఇద్దరికి పడి, ప్రింటర్ ఒక పూట పలికి ఒక పూట పలకకుండా ఉంటుంది. మేం మాత్రం రిజర్వేషన్‌నే ఎంచుకుంటాం, నంబర్ రాసిన స్టిక్కర్‌ను ప్రింటర్ మీద అంటిస్తాం.

ఇంటర్నెట్ కంపెనీ మార్చేవాళ్లు ముందుగా మాకు ఒక ఫోన్ చేయండి. కొత్త ఫైబర్ డబ్బాతో నంబర్ల వరుసే మారిపోతుంది; ఒక దానిలో 192.168.1తో మొదలైతే ఇంకో దానిలో 192.168.29తో మొదలవుతుంది. రిజర్వేషన్ కూడా పాత డబ్బాతోనే పోతుంది. ఐదు కంప్యూటర్లు దాటిన ఆఫీసులకు ఆ డబ్బా వెనక సొంత రౌటర్ ఒకటి పెట్టుకోమంటున్నాం. అప్పుడు ఇంటర్నెట్ ఎవరిదైనా లోపలి నంబర్లు కదలవు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. అందరూ ఆ సొంత రౌటర్ వెనకే ఉండాలి. నలుగురు దీని మీద, ఇద్దరు ఫైబర్ డబ్బా వైఫై మీద ఉంటే ఆ ఇద్దరికీ ప్రింటర్ కనిపించదు.

ఇక కంప్యూటర్లో ప్రింటర్ యాడ్ చేసే తీరు. విండోస్ దానంతట అది వెతికి చూపించిన పేరు మీద నొక్కితే, చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ అనే పోర్ట్ మీద కూర్చుంటుంది. పని చేస్తున్నంతసేపు బాగానే ఉంటుంది గానీ నెట్‌వర్క్ కొంచెం కదిలితే చాలు, ప్రింటర్ ఎక్కడుందో మరిచిపోతుంది. మేం ఇకనుంచి అన్నిచోట్లా ఐపీతోనే పెడతాం. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్, యాడ్ డివైస్. వెతకడం మొదలయ్యాక కొన్ని సెకన్లు ఆగితే యాడ్ మాన్యువల్లీ అని కింద వస్తుంది. అందులో ఐపీ అడ్రస్ ఆర్ హోస్ట్‌నేమ్ ఎంచుకుని, డివైస్ టైప్‌ను ఆటో డిటెక్ట్ నుంచి టీసీపీ/ఐపీ డివైస్‌కు మార్చి, నంబర్ కొట్టాలి. పోర్ట్ సెట్టింగ్‌లో ప్రోటోకాల్ రా (Raw), పోర్ట్ నంబర్ 9100 ఉండాలి. తర్వాత పోర్ట్స్ ట్యాబ్‌లో కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (ఎలా ఉన్నావని విండోస్ ప్రింటర్‌ను అడిగే పద్ధతి) టిక్ తీసేయండి. కొన్ని ప్రింటర్లు ఆ ప్రశ్నకు సరిగా జవాబివ్వవు, అప్పుడు ప్రింటర్ బాగున్నా విండోస్ ఆఫ్‌లైన్ అంటుంది. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకోవాలనే ఆప్షన్‌ను కూడా ఆపండి. లేకపోతే చివరిసారి దేని మీద ప్రింట్ ఇచ్చారో అదే డిఫాల్ట్ అయి, బిల్లు పోయి లేబుల్ ప్రింటర్‌లో పడుతుంది.

డ్రైవర్ ఫైల్‌ను (కంప్యూటర్ ప్రింటర్‌తో మాట్లాడేందుకు వేసే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లో వేసి మీ దగ్గర పెడతాం, పారేయకండి. విండోస్ అప్‌డేట్ ద్వారా ప్రింటర్ కంపెనీల డ్రైవర్లు ఇవ్వడాన్ని దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లోనే చెప్పింది. పాత ప్రింటర్లు ఉన్నవాళ్లకు ఆ ఫైల్ ఇకముందు ఇంకా ఎక్కువ అవసరం పడుతుంది.

ఇప్పుడు మేం ఒప్పుకోవాల్సిన సంగతి. యూఎస్‌బీ ప్రింటర్‌ను ఒక కంప్యూటర్‌కు పెట్టి అక్కడి నుంచి మిగతావాళ్లకు షేర్ ఇచ్చే పద్ధతి మేం చాలా ఆఫీసుల్లో వాడాం, చవకలో అయిపోతుందని. 2021 నడిమిట్లో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో (ప్రింట్లను వరుసలో పెట్టి పంపే భాగం) ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద భద్రతా లొసుగు బయటపడింది. ఆగస్టు అప్‌డేట్‌తో షేర్ ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పనిసరి అయింది. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత చివర 11బీ అని వచ్చే ఎర్రర్‌తో షేర్లు ఆగిపోయాయి. అప్పుడు కొన్ని చోట్ల రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోటు) ఆర్‌పీసీ ప్రైవసీ అనే రక్షణ విలువను 0 చేసి నడిపించాం. ప్రింట్లు వచ్చాయి, కానీ మైక్రోసాఫ్ట్ పెట్టిన గడియను మేం తీసిపెట్టినట్టయింది. అలా చేయకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఆ విలువను తిరిగి 1 చేస్తున్నాం. రెండు వైపులా విండోస్ అప్‌డేట్లు పూర్తిగా వేసి ఉంటే చాలాచోట్ల షేర్ మామూలుగానే నడుస్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది కాబట్టి, ప్రింటర్ ఉన్న కంప్యూటర్ ఇంకా అదే అయితే ముందు దాని సంగతి చూడాలి.

అయితే షేర్ తప్పని చోట్లు కొన్ని ఉన్నాయి. లాయర్ల ఆఫీసుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఎల్‌బీపీ 2900, లేజర్‌జెట్ 1020 లాంటి గట్టి యంత్రాలు ఇంకా నడుస్తున్నాయి. వాటికి యూఎస్‌బీ తప్ప నెట్‌వర్క్ పోర్ట్ లేదు. పేజీని తయారుచేసే పని కంప్యూటర్ డ్రైవరే చేస్తుంది. 1020కైతే ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్ లోపల నడిచే ప్రోగ్రాం) కూడా కంప్యూటరే పంపాలి. అందుకే చవక ప్రింట్ సర్వర్ డబ్బాకు (యూఎస్‌బీ ప్రింటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపేది) గానీ, రౌటర్ వెనకున్న యూఎస్‌బీకి గానీ పెడితే అవి చాలావరకు పలకవు. అలాంటి డబ్బా కొనమని ఎవరైనా చెబితే, మీ మోడల్ మీద ఒక పేజీ కొట్టి చూపించాకే డబ్బులివ్వండి. అదే ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లోని డాట్ మ్యాట్రిక్స్‌కు ఈ ఇబ్బంది లేదు. అది పంపిన అక్షరాలను తానే అర్థం చేసుకుని కొడుతుంది, ప్రింట్ సర్వర్‌తో హాయిగా నడుస్తుంది. మిర్చి సీజన్‌లో తక్‌పట్టీలు ఆగకూడదు కాబట్టి అక్కడ వైఫై జోలికి పోకుండా కేబులే లాగుతున్నాం.

కేబుల్ సంగతి చెప్పాలంటే, యూఎస్‌బీ తీగ 5 మీటర్లు దాటితే నమ్మలేం. లాన్ కేబుల్ క్యాట్ 6 అయితే 100 మీటర్ల దాకా పోతుంది. కరెంటు వైరు పైపులోనే దాన్ని దూర్చవద్దని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. వైఫై తప్పదంటే, చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. రౌటర్‌లో 2.4కూ 5కూ ఒకే పేరు ఉండి ప్రింటర్ దొరకకపోతే పేర్లు విడదీయండి. గెస్ట్ వైఫైకి ఎక్కించిన ప్రింటర్ ఆఫీసు కంప్యూటర్లకు కనిపించదు. జిరాక్స్ సెంటర్లకు ఇది ఉల్టా: కస్టమర్ల ఫోన్లను ఎప్పుడూ గెస్ట్ వైఫై మీదే పెట్టండి, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రానివ్వకండి.

ఇంత చెప్పాక కూడా రౌటర్ మాటిమాటికీ ఆగిపోతే ఇబ్బందే. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. అడాప్టర్ మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చూసి సరిపోయేది తీసుకోవాలి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించకండి. లోపలి ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ తట్టుకోలేక ట్రిప్ అవుతుంది, దాంతో కంప్యూటర్ కూడా ఆగిపోతుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ను యూపీఎస్ మీద పెట్టొచ్చు, పెట్టాలి కూడా. పవర్ బటన్ నొక్కి ఆపితేనే దాని హెడ్ మూత కిందికి పోతుంది. గోడ స్విచ్ తీసేసి వెళ్తే హెడ్ తెరిచే ఉండి, మన ఏప్రిల్, మే ఎండలకు ఇంక్ ఎండిపోతుంది, అక్షరాల మధ్య తెల్ల గీతలు పడతాయి.

ఇంటి నుంచి ఆఫీసు ప్రింటర్‌కు ప్రింట్ ఇవ్వాలని అడుగుతున్నవాళ్లు ఎక్కువయ్యారు. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబర్ 31తో మూతపడింది, దాని పేరుతో ఉన్న పాత వీడియోలు చూసి సమయం వృథా చేసుకోకండి. రౌటర్‌లో 9100 పోర్ట్‌ను బయటికి తెరిచే పని మేం చేయం, ఎవరు అడిగినా చేయం. దానికి పాస్‌వర్డ్ ఉండదు, ప్రపంచంలో ఎవరైనా మీ ప్రింటర్‌లో కాగితాలు కొట్టొచ్చు. మీ ప్రింటర్ కంపెనీ ఈమెయిల్ ప్రింట్ సౌకర్యం ఇస్తుంటే అది చాలు: ప్రింటర్‌కు ఒక మెయిల్ అడ్రస్ వస్తుంది, దానికి పీడీఎఫ్ పంపితే పేజీ వస్తుంది. ఎవరెవరి మెయిళ్లు తీసుకోవాలో జాబితా పెట్టడం మరవద్దు. ఒకటికి మించి బ్రాంచీలు ఉన్నవాళ్లకు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసులను భద్రంగా కలిపే దారి) మేలు. ఆఫీసులో ఉన్న ఫోన్ నుంచైతే ఇవేవీ అక్కర్లేదు. ఐఫోన్‌కు ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌కు మోప్రియా ఉన్నాయి, అదే వైఫై మీద ఉంటే చాలు.

స్కాన్ టు ఫోల్డర్ (స్కాన్ నేరుగా కంప్యూటర్ ఫోల్డర్‌లో పడే ఏర్పాటు) ఆగిపోయినవాళ్లు: విండోస్ 11 24హెచ్2 ప్రో వచ్చాక ఎస్ఎంబీ సైనింగ్ (నెట్‌వర్క్‌లో పంపే ఫైళ్ల మీద భద్రతా ముద్ర) తప్పనిసరి అయింది. పాత మిషన్లకు అది చేతకాదు. ముందు ఆ మిషన్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూస్తాం, లేకపోతే స్కాన్ టు మెయిల్‌కు మారుస్తాం. జీమెయిల్ అయితే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, పోర్ట్ 587. మీ మామూలు పాస్‌వర్డ్ అక్కడ పనిచేయదు.

లాయర్ ఆఫీసులకు ఒక మాట. లీగల్ కాగితం 8.5 బై 14 అంగుళాలు. డ్రైవర్‌లో ఒకటి, ప్రింటర్ ట్రేలో ఒకటి, వర్డ్‌లో ఇంకొకటి ఉంటే మిషన్ కాగితం అడుగుతూ నిలబడుతుంది. మూడు చోట్లా లీగల్ అని ఉండాలి. తెలుగు ఫైల్ వేరే కంప్యూటర్లో పిచ్చి అక్షరాలుగా పడితే ప్రింటర్‌ను అనుమానించకండి, ఆ ఫాంట్ అక్కడ లేదని అర్థం. టైప్ చేసిన కంప్యూటర్లోనే పీడీఎఫ్ చేసి పంపించండి. పీడీఎఫ్ కూడా పాడుగా పడితే ప్రింట్ యాజ్ ఇమేజ్ పెట్టండి.

మేం వచ్చే రోజుకు మూడు సిద్ధంగా ఉంచండి: రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ (వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు, ఎక్కువసార్లు రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది), ఒక్కో కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్, ప్రింటర్ తీసిన నెట్‌వర్క్ రిపోర్ట్ కాగితం. నాలుగు కంప్యూటర్ల ఆఫీసుకు గంటన్నర పడుతుంది, ఆ సమయంలో ప్రింట్లు ఆగుతాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరున్న డాక్యుమెంట్ రైటర్లకు పొద్దున రద్దీ కాబట్టి మధ్యాహ్నం మూడు తర్వాత వస్తాం. పని అయ్యాక మీ ముందే రౌటర్ స్విచ్ తీసి వేస్తాం, ప్రింటర్ స్విచ్ తీసి వేస్తాం. ఆ తర్వాత ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక్కో పేజీ వచ్చేదాకా సంతకం పెట్టకండి.